స్పూల్ టేపు రికార్డర్లు: ఇంట్లో, తరగతి గదిలో వాడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీది నుంచి పెట్టె దించి, దుమ్ము తుడిచి, ప్లగ్గు చేతిలో పట్టుకుని ఇది చదువుతున్నట్లయితే ముందు ఆ ప్లగ్గు కింద పెట్టండి. ఎందుకో మూడో ప్రశ్నలో ఉంది. మిగతావి తీరిగ్గా చదువుకోవచ్చు.

స్పూల్ టేపు రికార్డర్ అంటే ఏమిటి? క్యాసెట్టు రికార్డర్ లాంటిదేనా?

సూత్రం ఒకటే. క్యాసెట్టులో టేపు ప్లాస్టిక్ డబ్బాలో దాక్కుని ఉంటుంది, స్పూల్ రికార్డర్‌లో కళ్లముందే నడుస్తుంది. ఎడమ చక్రం నుంచి విడివడి, శబ్దాన్ని టేపు మీద రాసే, చదివే హెడ్ల మీదుగా జారి, కుడి చక్రానికి చుట్టుకుంటుంది. క్యాసెట్టు టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లయితే దీనిది సుమారు 6.3, అంటే పావు అంగుళం. నడిచే వేగమూ సాధారణంగా ఎక్కువే. అందుకే బాగా చేసిన స్పూల్ రికార్డింగు ముందు క్యాసెట్టు వెలవెలబోతుంది.

జర్మనీకి చెందిన ఏఈజీ సంస్థ 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ పేరుతో దీన్ని జనానికి చూపించింది. యుద్ధం ముగిశాక ఆ పరిజ్ఞానం అమెరికా చేరి, 1948లో ఆంపెక్స్ 200గా రేడియో స్టూడియోల్లో అడుగుపెట్టింది. తర్వాతి కాలంలో సోనీగా పేరు మార్చుకున్న జపాన్ సంస్థ 1950లో తన మొదటి టేపు రికార్డర్‌ను తెచ్చినప్పుడు, దానికి ఆదరణ దొరికిన చోట్లలో బడులు ముఖ్యమైనవి. 1963లో ఫిలిప్స్ క్యాసెట్టును తీసుకొచ్చాక ఈ బరువైన పెట్టెలు మెల్లగా పక్కకు తప్పుకున్నాయి.

ఇంటికి ఏది మంచిది? తరగతి గదికి ఏది?

రెండింటికీ ఒకే యంత్రం అనుకోవద్దు. తరగతి గదికి కావలసింది లోపలే స్పీకరు, ఆంప్లిఫయరు ఉన్న మోనో పెట్టె. మోసుకెళ్లడానికి పిడి, మూయడానికి మూత, నాలుగైదు పెద్ద మీటలు ఉంటే చాలు. అమెరికా బడుల్లో ఒకప్పుడు వోలెన్‌సాక్ పెట్టెలు అలాగే పాతుకుపోయాయి. యూరప్‌లో గ్రుండిగ్ టీకే వరుస, ఫిలిప్స్ యంత్రాలు ఆ కోవవే. నార్వే వారి టాండ్‌బర్గ్ భాషా ప్రయోగశాలలకు పేరు పొందింది.

ఇంట్లో సంగీతం కోసమైతే మూడు మోటార్లున్న ట్రాన్సిస్టర్ డెక్కు చూడండి. 1967లో వచ్చిన రెవాక్స్ ఎ77 వంటి వాటికి విడిభాగాలు, సర్వీసు పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ట్రాన్సిస్టర్లకు ముందు కాలపు, గాజు వాల్వులతో నడిచే యంత్రాల శబ్దం తీయగా ఉంటుందని చాలామంది అంటారు, నాకూ ఇష్టమే. కానీ మొదటిసారి కొనేవారికి వాటిని సిఫార్సు చేయను. మరమ్మతు తెలిసిన మనిషి పక్కన లేకపోతే ఆ తీపి చేదెక్కుతుంది.

కొనేటప్పుడు మెరుపు చూసి మోసపోకండి. హెడ్డు మీద వేలిగోరు మెల్లగా పోనివ్వండి. టేపు అంచులు నడిచిన చోట గాడి పడి, గోరు అందులో తగులుకుంటే ఆ హెడ్డు చాలా అరిగినట్లే.

ఏళ్ల తరబడి వాడని యంత్రాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టవచ్చా?

పెట్టకండి. నా మొదటి యంత్రానికి నేను చేసిన ఘనకార్యం అదే. ఆన్ చేసిన అరనిమిషానికి శబ్దం స్థాయి చూపే మేజిక్ ఐ దీపం పచ్చగా వెలిగింది, మరో అరనిమిషానికి వెనక నుంచి పొగ వచ్చింది. పాతకాలపు కాగితపు కెపాసిటర్లు తేమ పీల్చుకుని లీకవుతాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. మెయిన్స్ తీగ మీది రబ్బరు పెళుసెక్కి, వంచితే రాలిపోతుంది. లోపలి బెల్టులు కరిగి తారులా అంటుకుని ఉంటాయి.

ముందు తీగ చూడండి, చక్రాలను చేత్తో తిప్పి చూడండి. ఎలక్ట్రానిక్స్ తెలిసిన మెకానిక్కు అనుమానం ఉన్న కెపాసిటర్లు మార్చి, కరెంటు దారిలో వరుసగా ఒక బల్బు (సిరీస్ బల్బు) పెట్టి మొదటిసారి కరెంటు ఇస్తారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే. నిండు కాంతితో వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్లు. వాల్వు సెట్టు లోపల 250 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. అలవాటు లేనివారు వెనక మూత తీయకూడదు.

వేరే దేశం నుంచి వచ్చిన యంత్రానికి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందా?

వోల్టేజికి సరిపోతుంది, వేగానికి సరిపోకపోవచ్చు. చాలా యంత్రాల్లో మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 60 హెర్ట్జ్ కోసం చేసిన యంత్రాన్ని 50 హెర్ట్జ్‌లో నడిపితే ఆరో వంతు వేగం తగ్గుతుంది. పాట శ్రుతి ఇంచుమించు మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని సరిచేయలేదు. కొన్నిటిలో మీట ఉంటుంది, కొన్నిటిలో మోటారు కప్పీ లేదా క్యాప్‌స్టన్ (టేపును లాగే, తిరిగే కడ్డీ) తొడుగు మార్చాలి. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న మోటార్లకు, బ్యాటరీ యంత్రాలకు ఈ బెడద లేదు.

వేగాలు అన్నెందుకు? ఒక స్పూల్ ఎంతసేపు వస్తుంది?

ఇళ్లలోని యంత్రాల్లో సాధారణంగా కనిపించేవి మూడు: సెకనుకు 4.76, 9.53, 19.05 సెంటీమీటర్లు. అంగుళాల్లో 1⅞, 3¾, 7½. స్టూడియోల్లో 38 కూడా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ అదే శబ్దం ఎక్కువ పొడవున పరుచుకుంటుంది కాబట్టి వివరం మెరుగవుతుంది. టేపు ఖర్చూ అలాగే పెరుగుతుంది.

7 అంగుళాల స్పూల్‌లో మామూలు మందపు టేపు 1,200 అడుగులు పడుతుంది. 19.05 వేగంతో అది ఒక దిశలో 32 నిమిషాలు, 9.53తో 64 నిమిషాలు. కొంచెం పలుచని లాంగ్‌ప్లే టేపు 1,800 అడుగులు పడుతుంది, 9.53 దగ్గర 96 నిమిషాలు. ఇంకా పలుచని డబుల్, ట్రిపుల్ ప్లే టేపులు ఉన్నాయి కానీ అవి సాగుతాయి, మడత పడతాయి, ఒక చుట్టులోని శబ్దం పక్క చుట్టుకు అంటుకుని ప్రతిధ్వనిలా సన్నగా వినిపిస్తుంది. పిల్లలు ముట్టుకునే యంత్రంలో వాటిని పెట్టకండి.

మాటలకు 9.53 చాలు, సంగీతానికి 19.05. 4.76 వేగాన్ని ఉపన్యాసాల కోసమే ఉంచండి.

పాత టేపు పెడితే ఇద్దరు మాట్లాడుతున్నారు, అందులో ఒకరు తలకిందులుగా! పాడైపోయిందా?

పాడవలేదు. ట్రాకులు, అంటే టేపు మీద శబ్దం నడిచే దారులు, పొసగడం లేదు. హాఫ్ ట్రాక్ మోనో యంత్రం టేపు వెడల్పులో పై సగం వాడుతుంది. స్పూల్ తిరగేస్తే రెండో సగం పైకి వస్తుంది. క్వార్టర్ ట్రాక్ యంత్రం అదే వెడల్పును నాలుగు సన్నని దారులుగా పంచుతుంది. రెండు వైపులా రికార్డయిన మోనో టేపును క్వార్టర్ ట్రాక్ స్టీరియోలో పెడితే ఒక స్పీకరులో ఈ వైపు సూటిగా, రెండో దానిలో ఆ వైపు వెనక్కి వినిపిస్తుంది. ఆ రెండో చానెల్ కట్టేస్తే చాలు. అటూ ఇటూ మారిస్తే, అంటే రెండు వైపులా నింపిన క్వార్టర్ ట్రాక్ టేపును హాఫ్ ట్రాక్ యంత్రంలో పెడితే, రెండు వైపులూ కలగలిసి ఒకే హెడ్డులోకి వస్తాయి. అప్పుడు సరైన యంత్రం వెతకక తప్పదు.

టేపు ఎక్కించడం ఎలా?

నిండు స్పూల్ ఎడమవైపు, ఖాళీది కుడివైపు. రెండడుగుల టేపు లాగి, హెడ్ల ముందున్న సందులో రెండు చేతులతో బిగుతుగా పట్టి కిందికి జార్చండి. తర్వాత కొసను ఖాళీ స్పూల్ బొడ్డుకు తగిలించి వేలితో రెండు మూడు చుట్లు తిప్పండి. మీట వేయడానికి ముందు వదులు లాగేయాలి. వదులుగా ఉన్న టేపును మోటారు ఒక్కసారి గుంజితే అక్కడే తెగుతుంది.

టేపులో ఏ వైపు హెడ్డుకు తగలాలి? పాత టేపుల్లో మెరిసే వైపు బయటికి, మసక వైపు హెడ్డుకు. వెనక నల్లని పూత ఉన్న తర్వాతి కాలపు టేపుల్లో ఈ గుర్తు తారుమారవుతుంది, అక్కడ గోధుమరంగు వైపే హెడ్డుకు తగలాలి. తప్పుగా పెడితే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది, వినగానే తెలుస్తుంది.

ఎంత తరచుగా శుభ్రం చేయాలి?

పాత టేపులయితే ప్రతి స్పూల్ తర్వాత. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో హెడ్లు, గైడ్లు, క్యాప్‌స్టన్ కడ్డీ తుడవండి. పుల్లకు తుప్పు రంగు అంటుతుంది. పోలిక కోసం అన్న మాట కాదు, టేపు మీది పూత నిజంగానే ఐరన్ ఆక్సైడు. టేపును ఆ కడ్డీకి నొక్కిపట్టే రబ్బరు పించ్ రోలర్‌ను మాత్రం తడిబట్టతో తుడవండి, ఆల్కహాల్ దాన్ని క్రమంగా గట్టిపరుస్తుంది.

హెడ్ల అయస్కాంతత్వం తీసే డీమాగ్నెటైజర్ వాడేటప్పుడు టేపులన్నీ దూరంగా పెట్టి, యంత్రం కట్టేయండి. పరికరాన్ని మీటరు దూరంలో ఆన్ చేసి, మెల్లగా దగ్గరికి తెచ్చి, మెల్లగా వెనక్కి తీసుకెళ్లి అక్కడ ఆఫ్ చేయాలి. హెడ్డు పక్కనే ఆఫ్ చేస్తే ఉన్న జబ్బు పోవడం అటుంచి కొత్తది అంటుతుంది.

పెట్టెలో దొరికిన పాత టేపు వెంటనే వినవచ్చా?

ఇక్కడ తొందర పనికిరాదు. యంత్రం చెడితే బాగుచేసుకోవచ్చు, లేదా ఇంకొకటి తెచ్చుకోవచ్చు. ఆ గొంతు ఉన్న టేపు ఒక్కటే ఉంటుంది.

మొదట వాసన చూడండి. పుల్లగా వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ టేపు, కుళ్లడం మొదలైంది. మిగతా టేపులకు దూరంగా పెట్టి, త్వరగా కాపీ చేయించండి. వాసన లేకపోయినా స్పూల్‌ను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. చుట్ల గుండా వెలుగు కనిపిస్తే అసిటేట్. అది పెళుసు కాబట్టి వేగంగా చుట్టకూడదు. కనిపించకపోతే చాలావరకు పాలిస్టర్.

పాలిస్టర్‌లో ఇంకో రోగం ఉంది. 1970ల మధ్య నుంచి 1980ల వరకు వచ్చిన, వెనక నల్లపూత ఉన్న కొన్ని టేపుల్లో పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీల్చుకుని బంకలా మారుతుంది. ఆంపెక్స్ 406, 456 దీనికి అపకీర్తి మూటగట్టుకున్నాయి. వాయిస్తే టేపు కీచుమంటుంది, హెడ్డుకు అంటుకుని ఆగిపోతుంది, మీద ముద్ద పేరుకుంటుంది. ఆ కీచు వినగానే ఆపేయండి. నిపుణులు ఇలాంటి టేపులను 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కచ్చితమైన నియంత్రణతో గంటల తరబడి వెచ్చబెట్టి, తాత్కాలికంగా కోలుకున్న ఆ కొద్దికాలంలో కాపీ తీస్తారు. వంటింటి ఓవెన్‌లో ఈ ప్రయోగం వద్దు. అసిటేట్ టేపును అసలే వేడి చేయకూడదు.

టేపు తెగితే?

భయపడకండి. స్పూల్ టేపుకు ఉన్న గొప్ప సుగుణం అతకడమే. స్ప్లైసింగ్ బ్లాక్ అనే చిన్న లోహపు దిమ్మెలో టేపు వెడల్పుకు సరిపడే గాడి, దానికి 45 డిగ్రీల వాలుగా ఒక చీలిక ఉంటాయి. తెగిన కొసలు రెండూ వెనకవైపు పైకి వచ్చేలా గాడిలో పెట్టి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కనిచ్చి, బ్లేడుతో ఒకేసారి కోయండి. పైముక్క తీసేస్తే అంచులు సూది మొనంత సందు కూడా లేకుండా కలుస్తాయి. పైన స్ప్లైసింగ్ టేపు ముక్క అంటించి, గోటితో రుద్దండి. కోత వాలుగా ఉండటం వల్ల అతుకు హెడ్డును క్రమంగా దాటుతుంది, టక్కుమన్న చప్పుడు రాదు.

మామూలు సెల్లోటేపు మాత్రం వాడవద్దు. దాని జిగురు కొన్నాళ్లకు పక్కలకు కారి పై చుట్టును పట్టేస్తుంది.

వింటుండగా పొరపాటున చెరిగిపోయే ప్రమాదం ఉందా?

ఉంది. క్యాసెట్టుకు ఉన్నట్టు విరిచేసే రెక్క స్పూల్‌కు లేదు. అడ్డుగా ఉన్నది రికార్డు చేసే ఎర్ర మీట తాళం ఒక్కటే, అది కూడా అరుగుతుంది. మా ఇంట్లోని ఒక టేపులో పదకొండు సెకన్ల నిశ్శబ్దం ఉంది. తాతగారు మాట తడుముకుంటున్నారనుకుని విన్నవాళ్లంతా నవ్వుతారు. అది నా వేలి నిర్వాకమని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. విలువైన టేపులు వినడానికి రికార్డింగు విభాగం తెంచేసిన యంత్రం ఒకటి వేరుగా ఉంచుకోవడం మేలు.

కొత్తగా రికార్డు చేస్తుంటే శబ్దం బొంగురుగా వస్తోంది. ఎందుకు?

మొదట లెవెల్ చూడండి. మేజిక్ ఐలో రెండు పచ్చని రెక్కలు పెద్ద శబ్దానికి తాకీ తాకనట్టు ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ముల్లు ఉన్న మీటరయితే సున్నా దగ్గరికి వచ్చి వెనుదిరగాలి. లెవెల్ సరిగా ఉన్నా బొంగురుపోతే తీగ తప్పు చోట పెట్టి ఉంటారు. యూరప్ యంత్రాల్లో రేడియో గుర్తున్న ఇన్‌పుట్ చాలా సున్నితం, కొద్ది మిల్లీవోల్టులకే నిండిపోతుంది. ఫోను నుంచి పాట ఎక్కించాలంటే గ్రామఫోన్ గుర్తున్న దానిలో పెట్టండి, లేదా మధ్యలో రెసిస్టర్లు ఉన్న తీగ వాడండి. మైకు కూడా యంత్రానికి తగినదే కావాలి, దానితోపాటు వచ్చిన మైకు పారేయకండి.

ఇంత డిజిటల్ సౌకర్యం ఉండగా తరగతి గదిలో దీనితో ఏం పని?

శబ్దాన్ని చేత్తో పట్టుకోవడానికి. పిల్లలకు ధ్వని తరంగాల పాఠం చెప్పేటప్పుడు దీనికి సాటివచ్చే పరికరం నేను చూడలేదు. 19.05 వేగంతో ఎవరి చేతనైనా ‘అమ్మ’ అనిపించండి. అరసెకను పట్టిందనుకుంటే ఆ మాట టేపు మీద తొమ్మిదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. స్పూళ్లను చేత్తో ముందుకూ వెనక్కూ ఆడిస్తూ మాట మొదలయ్యే చోటు, ముగిసే చోటు పసుపు రంగు పెన్సిలుతో గుర్తుపెట్టి, కోసి, స్కేలు పక్కన పెట్టి కొలిపించండి. మాటకు పొడవుంటుందని తెలిసిన ముఖాలు చూడవలసినవే.

ఆ తర్వాత వేగం మార్చండి. 9.53 దగ్గర రికార్డు చేసి 19.05 దగ్గర వాయిస్తే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళ్తుంది, పాట సగం సమయంలో అయిపోతుంది. మధ్యమ స్థాయి షడ్జం తారస్థాయి షడ్జం అవుతుంది. ఫ్రీక్వెన్సీ రెట్టింపు అంటే ఏమిటో బోర్డు మీద రాయనక్కర్లేకుండా చెవికెక్కుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘వికటకవి’ ప్రయోగం. రాతలో అటు చదివినా ఇటు చదివినా అదే మాట కదా, టేపును వెనక్కి నడిపితే ఏం వినిపిస్తుందని ముందు అడగండి. తరగతి మొత్తం ‘వికటకవి’ అంటుంది. వాయిస్తే వచ్చేది దాదాపు ‘ఇవకటకివ్’. మన లిపిలో అక్షరం హల్లునూ అచ్చునూ ముడివేసి ఉంచుతుంది, టేపు ఆ ముడి విప్పేస్తుంది. దీనికి చేయవలసిందల్లా ఇంతే: రికార్డు చేసిన కుడి స్పూల్‌ను తిరగేసి ఎడమవైపు పెట్టండి, టేపును ఒక అర మెలిక తిప్పి వీపు హెడ్డుకు తగిలేలా ఎక్కించండి. హాఫ్ ట్రాక్ యంత్రంలో కూడా అదే ట్రాకు వెనక్కి వినిపిస్తుంది. టేపు మందం అడ్డు వస్తుంది కాబట్టి శబ్దం మందగిస్తుంది. ఎక్కువ వేగం, పలుచని టేపు వాడితే (పిల్లలకు దూరంగా ఉంచమన్నదే, ఇక్కడ టీచరు చేతిలో) నష్టం తక్కువ.

లూపు కూడా చేయించవచ్చు. 190 సెంటీమీటర్ల టేపు కొసలు కలిపి అతికిస్తే 19.05 వేగంతో పది సెకన్లకోసారి తిరిగి వస్తుంది. వదులు జారకుండా ఒకరు పెన్సిలు పట్టుకుని నిలబడాలి. ఆ పదవి కోసం పోటీ ఉంటుంది.

పిల్లలను ముట్టుకోనివ్వవచ్చా?

ట్రాన్సిస్టర్ యంత్రమయితే, మెకానిక్కు చూసి సరేనన్నాక, పెద్దల కళ్లముందు నిరభ్యంతరంగా. వాల్వు సెట్టు మీటలు టీచరు చేతిలో ఉంటేనే మంచిది. వేగంగా చుట్టేటప్పుడు జడలు, గొలుసులు, వేళ్లు స్పూళ్లకు దూరంగా ఉండాలి.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అక్కడి నుంచి కంప్యూటర్‌కు. స్పీకరు ముందు ఫోను పెట్టి రికార్డు చేయడం కాపీ అనిపించుకోదు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా తీసుకోండి, పంచుకోవడానికి చిన్న ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు. మూల ఫైలు మీద రొద తగ్గించే మంత్రాలేవీ వేయకండి.

వాయించడానికి ముందు హెడ్డు వాలు సరిచూడాలి. ఆ టేపు ఏ యంత్రంలో పుట్టిందో ఆ హెడ్డు వాలుతో మీ హెడ్డు ఏకీభవించకపోతే పై స్థాయి శబ్దాలు మసకబారతాయి. హెడ్డు పక్కనున్న చిన్న మరను వెంట్రుకవాసి తిప్పుతూ ‘స’, ‘ష’, ‘చ’ వినండి. అవి పదునుగా పలికిన చోట ఆపండి. తిప్పక ముందు మర ఉన్న స్థానం గుర్తుపెట్టుకోవడం మరవద్దు, పని అయ్యాక అక్కడికే రావాలి.

కొత్త టేపు ఇంకా తయారవుతోందా?

అవుతోంది. ఫ్రాన్స్‌లో రికార్డింగ్ ద మాస్టర్స్, అమెరికాలో ఏటీఆర్ మాగ్నెటిక్స్ తయారుచేస్తున్నాయి. ఇంటి యంత్రాలకు ఎల్‌పీఆర్35 వంటి 35 మైక్రాన్ల లాంగ్‌ప్లే టేపు నప్పుతుంది. ఒక రకం ఎంచుకుంటే దానికే కట్టుబడండి, బయాస్ (రికార్డు చేసేటప్పుడు శబ్దంతోపాటు హెడ్డుకు యంత్రం ఇచ్చే కరెంటు) దానికి తగ్గట్టు సర్దించుకోవచ్చు. ‘వాడనిది, సీలు తీయనిది’ అని అమ్మే పాత నల్లవీపు టేపులకు డబ్బు పోయకండి. సీలు లోపల కూడా బంక పట్టి ఉండవచ్చు.

వాడనప్పుడు ఎలా దాచాలి?

స్పూళ్లను పుస్తకాల్లా నిలువుగా, చల్లని పొడి చోట, స్పీకర్లకు మోటార్లకు ఎడంగా పెట్టండి. వినడం అయ్యాక వెనక్కి చుట్టకుండా అలాగే దాచడం మంచిది. మామూలు వేగంతో చుట్టుకున్న టేపు నున్నగా, సమంగా ఉంటుంది. పక్క చుట్టు నుంచి అంటుకునే నీడ శబ్దమూ అప్పుడు మాటకు ముందు కాకుండా వెనక వస్తుంది, చెవికి అంతగా తెలియదు. డబ్బా మీద ‘చివరి కొస పైకి ఉంది’ అని రాయండి, లేకపోతే వచ్చే ఏడు మీరే తలకిందులుగా వింటారు.

యంత్రాన్ని నెలకోసారి పావుగంట నడపండి. ఆపేటప్పుడు మీట స్టాప్‌లో ఉందో లేదో చూడండి. ప్లే మీద వదిలి ప్లగ్గు పీకేస్తే పించ్ రోలర్ క్యాప్‌స్టన్‌కు నొక్కుకునే ఉండి సొట్ట పడుతుంది, ఆపై ప్రతి పాటలోనూ ఆ సొట్ట లయబద్ధంగా వినిపిస్తూనే ఉంటుంది.